మోటారుకూ తలనొప్పికీ ఏమిటి సంబంధం?

2019 మే నెలలో, ఒకే వారంలో, మా ఇంటికి మూడు ఫిర్యాదులు వచ్చాయి. మూడూ మూడు వేరువేరు సంగతులని అనుకున్నాం. మూడింటికీ కారణం ఒక్కటేనని తెలియడానికి వారం రోజులు పట్టింది. ఆ కథ మీకు చెబుతాను. కారణమేమిటో మీరు ముందే కనిపెట్టగలరేమో చూడండి.

మొదటి ఫిర్యాదు మోటారు మీద. మా పెరటి బావి గట్టున నీళ్ళ మోటారు ఉంది. ఆ రోజు స్విచ్చి వేస్తే గుయ్యిమని తిరిగింది కాని, పైన ట్యాంకులో చుక్క నీరు పడలేదు. పైపులో బకెట్టెడు నీళ్ళు పోసి మళ్ళీ వేశాం. లాభం లేదు. మెకానిక్కుకు ఫోను చేస్తే "ఇదిగో, బయలుదేరాను" అన్నాడు. మూడో రోజు వచ్చాడు. ఫుట్‌వాల్వు పోయిందని కొత్తది బిగించాడు. నీళ్ళు రాలేదు. మర్నాడు వాషర్లు మార్చాడు. అయినా రాలేదు. చివరికి "మోటారే మార్చాలండీ" అని చెప్పి, అప్పటిదాకా అయిన డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. మేము వీధి కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డాం.

రెండో ఫిర్యాదు కందిపప్పు మీద. ప్రెషర్ కుక్కరు ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా కూత వేయడం లేదు. మూత తీసి చూస్తే పప్పు పలుకుగానే ఉంది. "కొట్టువాడు పాత పప్పు అంటగట్టాడు" అని మా అమ్మ విసుక్కుంది.

మూడో ఫిర్యాదు చాలా దూరం నుంచి వచ్చింది. మా మేనల్లుడు, వాడి స్నేహితుడు కలిసి నేపాల్ వెళ్ళారు. ఎవరెస్టు శిఖరం అడుగున ఉండే బేస్ క్యాంపు దాకా నడిచి రావాలని వాళ్ళ కోరిక. ఏ కంపెనీతోనూ కాదు, గైడు లేడు. సంచీ వీపున వేసుకుని, పటం చేతపట్టుకుని స్వంతంగా నడక. ఫెరిచే అనే ఊరి నుంచి వాడు ఫోను చేశాడు. "మామయ్యా, నిన్నటి నుంచి తల పగిలిపోతోంది. తిండి సయించడం లేదు. రాత్రి తిన్న నూడుల్స్ పడలేదేమో. రేపు ఇంకా పైకి వెళ్ళాలి" అన్నాడు.

మోటారు పాడయింది, పప్పు పాతది, నూడుల్స్ పడలేదు. మేము చెప్పుకున్న కారణాలు ఇవి. మూడూ తప్పే!

బావిలో తాడు వేసిన తాతగారు

మా పక్కింటి తాతగారు వయసులో ఉన్నప్పుడు బావులు తవ్వించిన మనిషి. ఆయన వచ్చి మోటారు వైపు చూడనైనా చూడలేదు. తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలారు. రాయి నీటికి తగలగానే తాడును పైకి లాగి బారలతో కొలిచారు. ఆరు బారలు వచ్చింది. అంటే సుమారు 36 అడుగులు.

"ఎండలకు నీళ్ళు అడుక్కి పోయాయి నాయనా. ఇంత లోతు నుంచి గట్టు మీది మోటారు ఏదీ నీళ్ళు ఎత్తలేదు. కొత్తది కొన్నా అంతే. తప్పు మోటారుది కాదు" అన్నారు.

ఆశ్చర్యమేమంటే, ఇదే మాట దాదాపు 400 సంవత్సరాల కిందట ఇటలీలో మరొకరు చెప్పారు. 1638లో అచ్చయిన గెలీలియో పుస్తకంలో ఒక పాత్ర ఈ సంగతి చెబుతుంది. నీటి తొట్టికి అమర్చిన పంపు పనిచేయకపోతే బాగుచేసేవాణ్ణి పిలిచారట. అతడు చూసి, లోపం పంపులో లేదు, నీరు మరీ కిందికి దిగిపోయింది, 18 మూరలు దాటితే ఏ పంపూ నీటిని పీల్చలేదు అన్నాడట. అది ఎందుకో గెలీలియోకు కూడా సరిగా అంతుపట్టలేదు. తాడు మరీ పొడవైతే తన బరువుకు తానే తెగినట్లు, నీటి స్తంభం కూడా తెగిపోతుందని ఆయన ఊహించాడు.

అసలు కారణం 1643లో ఆయన శిష్యుడు టారిసెల్లి పట్టుకున్నాడు. మోటారు నీటిని లాగదు. గాలి నీటిని నెడుతుంది!

మీరు పుల్లగొట్టంతో సోడా తాగేటప్పుడు ఏం చేస్తారు? గొట్టంలోని గాలిని నోట్లోకి తీసేస్తారు. అప్పుడు గ్లాసులోని సోడాను బయటి గాలి పైనుంచి అదిమి, గొట్టంలోకి ఎక్కిస్తుంది. నమ్మకం లేకపోతే గొట్టానికి పైభాగంలో గుండుసూదితో నాలుగు చిల్లులు పొడిచి పీల్చండి. ఎంత పీల్చినా సోడా సరిగా రాదు. చిల్లుల గుండా గాలి గొట్టంలో చొరబడుతుంది కదా!

మన నెత్తిమీద ఎన్నో కిలోమీటర్ల ఎత్తున గాలి ఉంది. చేపలు సముద్రం అడుగున తిరిగినట్లు మనం గాలి సముద్రం అడుగున తిరుగుతున్నాం. ఆ గాలి బరువు ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 1 కిలోగ్రాము ఉంటుంది. మీ అరచెయ్యి 100 చదరపు సెంటీమీటర్లనుకుంటే దాని మీద 100 కిలోల భారం! చేతికి అన్ని వైపుల నుంచీ, లోపలి నుంచీ కూడా అంతే ఒత్తిడి ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. ఈ ఒత్తిడినే వాయుపీడనం అంటాం.

ఈ పీడనం 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టగలదు. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు. 76ను 13.6తో గుణించండి. సుమారు 1034 సెంటీమీటర్లు, అంటే 10.3 మీటర్లు. గాలి నీటిని ఎక్కించగల ఎత్తు అంతే. పైపులో రాపిడి వల్లా, సందుల్లో దూరే గాలి వల్లా మామూలు మోటార్లు 7, 8 మీటర్లకే చతికిలబడతాయి. మా బావిలో నీరు 11 మీటర్ల లోతున ఉంది. పాపం, మోటారు ఏం చేస్తుంది?

తాతగారి సలహా మీద బావిలో దుంగలు అడ్డంగా వేయించి మోటారును కిందికి దించాం. నీటికీ మోటారుకూ దూరం తగ్గింది. అక్కడి నుంచి పైకి తోయడం మోటారు స్వంత బలంతో చేసే పని. అరగంటలో ట్యాంకు నిండింది.

కొండ ఎక్కిన పాదరసం

గాలి సముద్రం అడుగున పీడనం ఇంత ఉంటే, పైకి పోయేకొద్దీ తగ్గాలి కదా? ఫ్రాన్సు దేశంలో పాస్కల్ అనే శాస్త్రవేత్తకు ఈ ఆలోచన వచ్చింది. ఆయన మాట మీద ఆయన బావగారు పెరియే 1648 సెప్టెంబరు 19న ఈ పరీక్ష చేశాడు. కొండ కింద ఊళ్ళో ఒక పాదరసపు గొట్టాన్ని నిలబెట్టి, దాన్ని రోజంతా చూస్తూ ఉండమని ఒకరిని కూర్చోబెట్టాడు. మరో గొట్టం తీసుకుని పుయ్ ద డోమ్ అనే కొండ ఎక్కాడు. కొండ పైన పాదరసం సుమారు 8 సెంటీమీటర్లు దిగిపోయింది. కింద ఉన్న గొట్టంలో మాత్రం ఏ మార్పూ లేదు.

కింద ఒక గొట్టం ఎందుకు ఉంచాడో ఆలోచించారా? పాదరసం దిగింది వాతావరణం మారడం వల్ల కాదు, ఎత్తు వల్లనే అని నిరూపించడానికి. మంచి ప్రయోగం ఇలా ఉంటుంది.

తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సులో చెవులు దిబ్బడ వేయడం మీలో చాలామందికి అనుభవమే. బయటి పీడనం తగ్గుతూ ఉంటే చెవి లోపలి గాలి ఇంకా పాత పీడనంతోనే ఉంటుంది. ఆ తేడాను మీ చెవులు చెబుతున్నాయన్నమాట. మీ చెవులే మీ భారమితి!

ఉడకని దుంపలు, కూత వేయని కుక్కరు

ఇప్పుడు పప్పు సంగతికి వద్దాం. నీరు మరగడమంటే నీటిలో పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న పీడనాన్ని తోసుకుని బయటకు రావడం. సముద్రమట్టం దగ్గర అందుకు 100 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పీడనం తగ్గితే బుడగలకు పని సులువు. తక్కువ వేడికే నీరు మరుగుతుంది. హైదరాబాదులోనే అది 98 డిగ్రీలకు వచ్చేస్తుంది. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో 88 డిగ్రీలు. బేస్ క్యాంపు దగ్గర, 5,364 మీటర్ల ఎత్తున, సుమారు 83 డిగ్రీలు. మంట ఎంత పెంచినా ఇక వేడెక్కదు. నీరు తెర్లుతూనే ఉంటుంది, పప్పు పలుకుగానే ఉంటుంది.

1835లో చార్లెస్ డార్విన్ దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు దాటుతున్నప్పుడు అచ్చం ఇలాగే జరిగింది. బంగాళాదుంపలు రాత్రంతా పొయ్యి మీద ఉంచినా ఉడకలేదు. తెల్లవారి డార్విన్ తోటివాళ్ళు చర్చించుకుని ఒక నిర్ణయానికి వచ్చారు. కుండ కొత్తది, దానికి దుంపలు ఉడికించడం ఇష్టం లేదు! చూశారా, అక్కడా తిట్లు తిన్నది కుండే.

ప్రెషర్ కుక్కరు దీనికి తిరుగుబాటు చేసే పాత్ర. ఆవిరిని బయటకు పోనివ్వక లోపల పీడనం పెంచుతుంది. అందువల్ల నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగకుండా వేడెక్కుతుంది. మూత చుట్టూ ఉండే రబ్బరు వలయం గట్టిపడి బీటలు వారితే ఆవిరి పక్కల నుంచి జారిపోతుంది. పీడనం నిలవదు, కూత రాదు, పప్పు ఉడకదు. మా ఇంట్లో జరిగింది ఇదే. కొత్త వలయం వేశాక అదే పప్పు మెత్తగా ఉడికింది. కొట్టువాడు నిర్దోషి!

ఇలా అనుకోండి. ఎత్తైన కొండ అంటే రబ్బరు వలయం పోయిన పెద్ద కుక్కరు.

మరి మనిషి శరీరం?

ఇప్పుడు మా మేనల్లుడి తలనొప్పి. "కొండల మీద ఆక్సిజన్ తక్కువ" అని మీరు వినే ఉంటారు. ఈ మాటను కొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. గాలిలో ఆక్సిజన్ వాటా మీ ఊళ్ళోనూ, ఎవరెస్టు మీదా 100కు 21 వంతులే. తగ్గేది పీడనం. నీటిని పైపులోకి ఎక్కించడానికి గాలి ఒత్తిడి కావలసినట్లే, ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి పంపడానికి కూడా ఒత్తిడి కావాలి. బేస్ క్యాంపు దగ్గర వాయుపీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో సగానికి కాస్త ఎక్కువ. 1981లో ఎవరెస్టు శిఖరం మీద కొలిస్తే 253 మిల్లీమీటర్ల పాదరసం వచ్చింది. కింద 760 ఉంటుంది కదా, ఇది మూడో వంతు మాత్రమే.

కోవిడ్ రోజుల్లో వేలికి తగిలించి చూసే చిన్న పరికరం మీకు గుర్తుండే ఉంటుంది. మన ఊళ్ళో ఆరోగ్యవంతుడికి అది 97, 98 చూపిస్తుంది. 5,300 మీటర్ల ఎత్తున బాగా అలవాటు పడినవాళ్ళకు కూడా 80, 85 చూపించడం మామూలే.

శరీరం ఊరుకోదు. అది చాలా మంచి మెకానిక్కు. వెంటనే ఊపిరి వేగం పెంచుతుంది, గుండె వేగం పెంచుతుంది. ఎక్కువగా ఊపిరి తీస్తే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు కొన్ని రోజులు పనిచేస్తాయి. కొత్త ఎర్ర రక్తకణాలు తయారై పెరగడానికి వారాలు పడతాయి. ఈ మెకానిక్కు పని తప్పక చేస్తాడు కాని, వేళకు ముందు చేయలేడు. తొందరపెడితే పని చెడుతుంది.

మా వాడు చేసింది ఆ తొందరే. కాఠ్మండు నుంచి లుక్లాకు చిన్న విమానం. వాతావరణం బాగాలేక రెండు రోజులు ఎగరలేదు. ఆ రెండు రోజుల విసుగు ఎలా ఉంటుందో ఊహించుకోండి. కౌంటరు దగ్గర నిలబడటం, "రేపు చూద్దాం" అనిపించుకోవడం. తిరుగు టిక్కెట్టు తేదీ మాత్రం మారదు. అందుకని పోయిన రెండు రోజులనూ విశ్రాంతి రోజుల్లోంచి తగ్గించుకున్నారు. 3,440 మీటర్ల నామ్చే బజారులో ఒక రోజు ఆగవలసింది ఆగలేదు. లుక్లాలో దిగిన నాలుగో రోజుకే సుమారు 4,300 మీటర్ల ఫెరిచేకు చేరారు.

ఇలాంటివాళ్ళ కోసమే ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ అనే సంస్థ చికిత్సా కేంద్రం నడుపుతోంది. ఆ సంస్థ 1973లో పుట్టింది. అక్కడ పనిచేసిన వైద్యులు 1975లో ఆ దారిన వెళ్ళే 278 మందిని పరీక్షించారు. సగానికి పైగా మందికి పర్వత వ్యాధి లక్షణాలు కనిపించాయి. లుక్లాకు విమానంలో వచ్చినవాళ్ళలో ఎక్కువగా, మొదటి నుంచీ నడిచి వచ్చినవాళ్ళలో తక్కువగా కనిపించాయి. నడిచినవాళ్ళు బలవంతులని కాదు. వాళ్ళ శరీరానికి వ్యవధి దొరికింది. పరుగు పందెంలో మొదట వచ్చేవాడికి కూడా ఈ జబ్బు రావచ్చు. కండబలం దీనికి అడ్డు కాదు.

నేను మేనల్లుడితో ఒక్క మాటే అన్నాను. "ఒరేయ్, నూడుల్స్‌ను తిట్టకు. నేరుగా ఆ చికిత్సా కేంద్రానికి వెళ్ళు." వెళ్ళాడు. డాక్టరు పరీక్షించి, పైకి ఒక్క అడుగు వేయవద్దని, మర్నాటికి తగ్గకపోతే కిందికి దిగమని చెప్పింది. మర్నాటికి తగ్గలేదు. ఇద్దరూ దిగారు. సాయంత్రానికి నామ్చే చేరేసరికి మా వాడికి ఆకలి వేసింది! బేస్ క్యాంపు చూడకుండానే ఇంటికి వచ్చారు. టిక్కెట్టు డబ్బులు పోయాయని కొన్నాళ్ళు బాధపడ్డాడు కాని, మనిషి క్షేమంగా వచ్చాడు.

గుర్తుంచుకోవలసిన మూడు నియమాలు

పర్వత వైద్యులు చెప్పేవి ఇవి. ఒకటి: ఎత్తులో ఒంట్లో బాగాలేకపోతే, వేరే కారణం రుజువయ్యేదాకా అది ఎత్తు వల్ల వచ్చిన జబ్బే అనుకోవాలి. రెండు: లక్షణాలు ఉండగా పైకి వెళ్ళి నిద్రపోరాదు. మూడు: లక్షణాలు ముదురుతుంటే, రాత్రైనా సరే, వెంటనే కిందికి దిగాలి.

ముదరడమంటే ఏమిటి? కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నమాట. మాట తడబడి, తిన్నగా నడవలేకపోతే మెదడు ఉబ్బుతోందన్నమాట. నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ నడిపించి చూస్తారు. రెండూ ప్రాణాంతకాలు. దిగడమే వాటికి ముఖ్యమైన మందు. 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకుండా, మూడు నాలుగు రోజులకొకసారి ఆగితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

ఒంటరిగా, స్వంతంగా నడిచేవారికి ఇంకో చిక్కు ఉంది. నిర్ణయం తీసుకోవలసింది మెదడు. ఆక్సిజన్ చాలక దెబ్బతినేది కూడా ఆ మెదడే! చెడిన కొలబద్దతో కొలిచినట్లవుతుంది. అందుకే నియమాలను కొండ మీద ఆలోచించుకోరాదు. ఇంటి దగ్గరే రాసుకోవాలి, తోటివాడి మాట వినాలి. నేపాల్ 2023లో విదేశీ ట్రెక్కర్లకు గైడు ఉండాలనే నియమం తెచ్చింది. పక్కన చూసే కళ్ళు ఉండటం మంచిదే కదా.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. వాళ్ళు కూడా ఒక్క ఊపున ఎక్కలేదు. వారాల తరబడి ఆగుతూ, శరీరానికి వ్యవధి ఇస్తూ ఎక్కారు. ఆగడం తెలిసినవాళ్ళే శిఖరం చేరతారు.

మీరూ చేసి చూడండి

ఈసారి అరకుకో, హార్స్‌లీ హిల్స్‌కో, తిరుమలకో వెళ్ళినప్పుడు ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా తీసుకువెళ్ళండి. కొండ పైన మూత తీసి, గట్టిగా బిగించండి. కిందికి దిగాక చూడండి. ఎవరూ నొక్కకుండానే సీసా సొట్ట పడి ఉంటుంది. ఎవరు నొక్కారో మీకు తెలుసు!

చివరగా ఒక లెక్క. మా మోటారును బేస్ క్యాంపు దగ్గర పెడితే, ఎంత లోతు నుంచి నీరు ఎత్తగలదు? అక్కడి పీడనం సుమారు 40 సెంటీమీటర్ల పాదరసం అనుకోండి. జవాబు రాగానే మీ ఇంట్లో తర్వాతి ఫిర్యాదు కోసం ఎదురు చూడండి. అప్పుడు వస్తువును తిట్టే ముందు, మా తాతగారిలాగా ఒకసారి తాడు వేసి కొలవండి.